ముంగిస అడుగుపెట్టని దీవి

ఫిజీలోని నాండి విమానాశ్రయంలో ఒక అధికారిణి నా ఎడమకాలి బూటును తలకిందులుగా పట్టుకుని, అడుగున ఉన్న గాడుల్లోంచి మట్టిని సన్నని పుల్లతో గీరి తీస్తున్నారు. నల్లని ఒండ్రుమట్టి. ఎండి పెళుసుబారి, కింద పరిచిన తెల్లకాగితం మీద పలుకులు పలుకులుగా రాలుతోంది. బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు కోనసీమలో మా నాన్నగారి కొబ్బరితోటలో తిరిగినప్పుడు అంటుకున్న మట్టి అది. విమానంలో నింపిన పత్రంలో పొలాల్లో, అడవుల్లో వాడిన బూట్లు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయని రాశాను. అందుకే పక్క వరుసలోకి పంపారు.

ఆమె తొందరపడలేదు. ఒక్కొక్క గాడినీ గీరారు. తరువాత బ్రష్షుతో రుద్ది, మందునీళ్లలో ముంచి, తడి బూట్లను ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చారు. కాగితం మీది మట్టిని మడిచి ఒక మూత ఉన్న డబ్బాలో వేశారు. ఇరవై గంటలకు పైగా ప్రయాణం చేసి వచ్చిన అలసటలో ఇంత మట్టికి ఇంత హడావిడి ఎందుకా అనిపించింది. ఆ వారం గడిచేసరికి ఆమె పట్ల నాకు ఎంతో గౌరవం కలిగింది.

నేను కాకినాడలో జంతుశాస్త్రం చెబుతాను. పసిఫిక్ మహాసముద్రంలో ఫిజీ దేశానికి చెందిన టవెయుని దీవి మీద నాకు మనసు పడడానికి కారణం ఒక పక్షి. నారింజ గువ్వ. మగది నిప్పుకణికలా ఉంటుంది, తల మాత్రం పసుపు కలిసిన ఆకుపచ్చ. ఆడది ఒళ్లంతా ఆకుపచ్చే. టవెయుని, దాని పక్కనున్న వనువా లెవు, చుట్టూ ఉన్న నాలుగైదు చిన్న దీవులు తప్ప ప్రపంచంలో మరెక్కడా ఈ పక్షి లేదు. ఏడేళ్లు డబ్బు కూడబెట్టుకుని గత అక్టోబరులో వెళ్లాను. అది గువ్వలు జతకట్టే కాలం, కొండమీద టాంగిమౌదియా పువ్వు మొదలయ్యే కాలం కూడా.

నాండిలో దిగిన మర్నాడు తెల్లవారుజామున నన్ను నిద్రలేపింది గోరింకల గోల. కాసేపటికి పెరట్లో పిగిలిపిట్ట పలికింది. ఇంటికి పదివేలకు పైగా కిలోమీటర్ల దూరంలో కళ్లు తెరవకుండానే మా వీధి వినిపించింది. ఆ రెండూ ఇక్కడి పక్షులు కావు. పంటల మీది పురుగులు తింటాయని గోరింకలను పంతొమ్మిదో శతాబ్దం చివర్లో తెచ్చి వదిలారు. పిగిలిపిట్ట మన కూలీల ఓడలు వస్తున్న కాలంలోనే చేరింది. టీ తాగుతుండగా ఎదురుగా ఉన్న చెరకుతోట గట్టు మీద బూడిదరంగులో ఏదో సర్రున దూసుకుపోయింది. చూడగానే తెలిసింది, ముంగిస.

చెరకుతోటల్లో ఎలుకల బాధ పడలేక 1883లో తోటల తెల్ల యజమానులు మన దేశపు చిన్న ముంగిసను ఫిజీకి తెప్పించారు. ఎలుక రాత్రి తిరుగుతుంది, ముంగిస పగలు తిరుగుతుంది. ఒకదానికొకటి పెద్దగా ఎదురుపడలేదు. ముంగిసకు ఎదురైనవి నేలమీద గూడు కట్టుకునే పక్షులు, వాటి గుడ్లు, కప్పలు, బల్లులు. ఆ జీవులున్న నేలలో అంతకుముందు గబ్బిలాలు తప్ప సొంత క్షీరదమే లేదు. నాలుగు కాళ్లతో వచ్చి గుడ్లు తినే జంతువు ఒకటి ఉంటుందని వాటికి తెలియదు. పెద్ద దీవులైన విటి లెవు (నాండి ఉన్నది ఇక్కడే), వనువా లెవులలో ఊదారంగు నీటికోడి కనుమరుగైపోయింది. టవెయునికి మాత్రం ముంగిస చేరలేదు. అక్కడ చెరకు నిలదొక్కుకోలేదు, కొబ్బరి నిలిచింది.

టవెయునికి వెళ్లే విమానం చాలా చిన్నది. సామానుతోపాటు ప్రయాణికులను కూడా కాటా మీద నిలబెట్టి బరువు రాసుకుని, దాన్నిబట్టి సీట్లు చెప్పారు. కిటికీలోంచి చూస్తే పగడపు దిబ్బల అంచులు లేత ఆకుపచ్చ గీతల్లా కనిపించాయి. గంటన్నరకు ఒక పొడవాటి కొండ, దాని వీపు మీద మబ్బు. మతేయి అనే ఊళ్లో సముద్రం పక్కనే ఉన్న రన్‌వే మీద దిగాం. సంచి భుజానికి తగిలించుకుని బయటికి నడుస్తుంటే గడ్డిలో చారల నీటికోళ్లు రెండు, వాటి వెనక నల్లని నూగుతో మూడు పిల్లలు. మనుషులు పక్కనే నడుస్తున్నా గాభరా లేదు. విటి లెవులో ఉన్న ఒకటిన్నర రోజులో నేలమీద తిరిగే అలాంటి పక్షిని ఒక్కదాన్నీ చూడలేదు. అక్కడే సంచి దించి చాలాసేపు నిలబడిపోయాను.

ఫిజీలో మూడో పెద్ద దీవి ఇది. పొడవు 42 కిలోమీటర్లు, వెడల్పు పదీ పదకొండు. మొత్తం అగ్నిపర్వతాలు పోసిన నేలే, కొండ వెన్ను పొడవునా నూటికి పైగా పాత జ్వాలాముఖాల గుట్టలున్నాయి. ఎత్తైన శిఖరం ఉలుఇంగలావు 1,241 మీటర్లు. ఆగ్నేయం నుంచి ఏడాది పొడవునా వీచే వాణిజ్య పవనాలు ఈ వెన్నుకు తగిలి వాన కురిపిస్తాయి. అందుకే తూర్పు వైపంతా జలపాతాలు, అడవి. పడమర వైపు రోడ్డు, బజారు, కొబ్బరితోటలు. 180 డిగ్రీల రేఖాంశం దీవి మీదుగానే పోతుంది, వయ్యెవో దగ్గర దానికో బోర్డు కూడా ఉంది. ఇంకొకటి చెప్పాలి. ఇక్కడి ఊళ్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో చదివితే తప్పుతాయి. ఫిజీ భాషలో 'డ' ముందు, 'బ' ముందు అనునాసికం పలుకుతారు కానీ రాయరు. 'నాది' అని రాసి నాండి అంటారు. మన సున్నా వాళ్ల లిపికి ఎంత బాగా పనికొచ్చేదో అనుకున్నాను.

నన్ను తూర్పుతీరానికి తీసుకెళ్లిన టాక్సీ ఆయనకు అరవై ఏళ్లుంటాయి. ఫిజీ హిందీలో "దీదీ, ఏ ఊరు?" అని అడిగారు. ఆంధ్ర అనగానే కారు పక్కకు తీసి ఆపారు. డాష్‌బోర్డు అరలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక జిరాక్సు కాగితం తీశారు. వాళ్ల ముత్తాత వలస పాసు. జిల్లా విజగపటం. తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటిమీద గుర్తు చోట కుడి మోకాలి మీద మచ్చ. 1879 నుంచి 1916 వరకు అరవై వేల మందికి పైగా భారతీయులను ఐదేళ్ల ఒప్పందం మీద ఫిజీ చెరకుతోటలకు తెచ్చారు. అగ్రిమెంటు అనే మాటే వాళ్ల నోట గిర్మిట్ అయింది, వాళ్లు గిర్మిటియాలయ్యారు. మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. మన తెలుగు జిల్లాల వాళ్లు ఆ ఓడల్లోనే వచ్చారు.

ఆయనకు తెలుగు రాదు. ఊరి పేరున్న గడి మీద వేలు పెట్టి "ఇది ఎక్కడో చెప్పగలరా?" అన్నారు. గుమాస్తా చెవికి ఎలా వినిపించిందో అలా రాసిన ఏడు అక్షరాలు. మూడు నాలుగు రకాలుగా చదివి చూశాను. ఒకలా చదివితే శృంగవరపుకోట వైపు ఊరిలా ఉంది, ఇంకోలా చదివితే పాలకొండ వైపు. అవన్నీ తెలుగులో, హిందీలో ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆయన దాన్ని మడిచి అదే కవరులో పెట్టుకున్నారు. దారిలో ముంగిసల మాట ఎత్తితే, ఇక్కడ ఎవరికైనా ఒక్కటి కనిపించినా వెంటనే అధికారులకు చెబుతామని అన్నారు. ఎదురుగా ఉన్న గమేయా దీవిలో 2000 ప్రాంతంలో ఎవరో అమెరికా ఇగువానా బల్లులను వదిలితే అవి పెరిగిపోయాయనీ, ఇప్పుడు పడవల్లో తెచ్చే మూటలను కూడా చూస్తారనీ చెప్పారు.

తూర్పుతీరంలో నేను దిగిన ఊళ్లో ముందు సెవుసెవు జరగాలి. అంటే ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు యంగోనా వేళ్ల కట్ట తెచ్చి ఊరిపెద్ద ముందు పెట్టి, లోపలికి రావడానికి అనుమతి అడగడం. బజారులో అరకిలో వేళ్లు కొన్నాను, వార్తాపత్రికలో చుట్టి రిబ్బను కట్టి ఇచ్చారు. టోపీ తీసి, నల్లకళ్లద్దాలు తీసి, మోకాళ్ల కింద దాకా సులూ గుడ్డ చుట్టుకుని చాప మీద కూర్చున్నాను. ఊరి వ్యవహారాలు చూసే తురంగ ని కోరో నా తరఫున మాట్లాడారు. ఎవరు, ఎక్కడినుంచి, ఎందుకు వచ్చారు, అడవిలో ఏం చేస్తారు, అన్నీ చెప్పాలి. పెద్దాయన కట్టను చేత్తో తాకి అంగీకరించాక, దంచిన వేరును తనోవా అనే చెక్క పాత్రలో నీళ్లు పోసి పిసికారు. కొబ్బరిచిప్పలో ఇచ్చారు. ఒకసారి చప్పట్లు కొట్టి, గుక్కతిప్పకుండా తాగి, మళ్లీ మూడుసార్లు కొట్టాలి. మట్టివాసన, కాస్త చేదు, నాలుక తిమ్మిరి. నాండిలో బూట్లు గీరించుకోవడం, ఇక్కడ చాప మీద కూర్చోవడం రెండూ ఒకే పనిలా అనిపించాయి. నువ్వెవరు, నీతో ఏం తెచ్చావు అని దీవి అడుగుతోంది. అడిగే హక్కు దానికుంది.

ఆ ఊరివాళ్లకు ఆ హక్కు విలువ బాగా తెలుసు. చెట్లు కొట్టుకుంటామని కలప కంపెనీలు వచ్చినప్పుడు బౌమా ప్రాంతపు ఊళ్లు అడవిని అమ్మకుండా, న్యూజిలాండ్ సాయంతో 1990 ప్రాంతంలో సొంతంగా అడవి పార్కు ఏర్పాటు చేసుకున్నాయి. టవోరో జలపాతాలు అందులోవే. మొదటిది 24 మీటర్ల ఎత్తునుంచి దూకుతుంది. పది నిమిషాల నడక కాబట్టి జనం అక్కడికే ఎక్కువగా వస్తారు. పగడపు దిబ్బల కోసం వచ్చే ఈతగాళ్లు సోమోసోమో జలసంధికి వెళతారు. నాకు సముద్రం మీద అంత ఆసక్తి లేదు, నేను కొండ కోసం వచ్చాను.

మొదటి రాత్రి ఊరి కుర్రవాడొకడు టార్చి తీసుకుని వాగు వెంట నడిపించాడు. దారి పక్కన పెద్ద గోదురుకప్పలు. వాటిని కాలితో చూపిస్తూ "ఇవి కావు" అన్నాడు. అవి 1936లో చెరకు పురుగుల కోసం తెచ్చినవి. అరగంట తరువాత ఒక కుళ్లిన దుంగ పక్కన వంగి, టార్చి వెలుగును వేళ్ల మధ్య నుంచి పలచగా వదిలాడు. అరచేయంత కప్ప. వీపు తడిసిన ఎండాకు రంగు, కంటిచుట్టూ బంగారు వలయం. ఫిజీ నేలకప్ప. ఇది నీళ్లలో గుడ్లు పెట్టదు. తడినేలలో పెడుతుంది, దీనికి తోకకప్ప దశ బయట ఉండదు. గుడ్డులోనే అంతా జరిగిపోయి, నాలుగు కాళ్ల బుల్లికప్ప బయటికి వస్తుంది. ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద గుడ్డు, తోకకప్ప, కప్ప అని వరుసగా బొమ్మలు గీస్తున్నాను. ఆ మధ్య బొమ్మ లేని కప్ప నా ముందు కూర్చుని గొంతు ఆడిస్తోంది. పసిఫిక్‌లో తూర్పుకు వెళ్లేకొద్దీ సొంత కప్పలున్న దేశాల్లో ఫిజీయే ఆఖరుది. ముంగిస ఉన్న పెద్ద దీవుల్లో ఇది దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కుర్రవాడు టార్చి ఆర్పేసి "ఇక వదిలేద్దాం" అన్నాడు. చీకట్లో అది గెంతిన చప్పుడు మాత్రం వినిపించింది.

గువ్వ కోసం డేవో శిఖరం ఎక్కాలి. 1,195 మీటర్లు. పడమర వైపు వైరికి నుంచి రాళ్లదారి, జీపు వంటి బండి తప్ప వెళ్లదు. తెల్లవారుజామున మూడున్నరకు బయలుదేరాం. మొదటి రోజు పూర్తిగా విఫలమే. ఏడింటికల్లా మబ్బు కొండను కప్పేసింది, పది అడుగుల దూరంలోని చెట్టు కనిపించలేదు. నాచు పట్టిన కొమ్మల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆ తడిలోనే ఒక తీగ మీద ఎర్రని రేకుల గుత్తి, మధ్యలో తెల్లని పువ్వు కనిపించింది. టాంగిమౌదియా. ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన అమ్మాయి కన్నీళ్లే ఈ పువ్వులయ్యాయని ఇక్కడి కథ, పేరులోనే ఏడుపు, నిద్ర రెండూ ఉన్నాయి. కింద పెంచుదామని తీసుకెళ్లినవాళ్లకు బతకలేదట. ఈ కొండమీదే కోతిముఖపు గబ్బిలం కూడా ఉంది. ఫిజీకి మాత్రమే సొంతమైన క్షీరదం అదొక్కటే. అది నాకు కనిపించలేదు, కనిపిస్తుందని ఆశపడి రాలేదు కూడా.

ఒక రోజు విరామం ఇచ్చి మళ్లీ ఎక్కాను. ఈసారి ఆకాశం తేటగా ఉంది. తూర్పున పాత జ్వాలాముఖంలో నిలిచిన టాంగిమౌదియా సరస్సు ఒక్కసారి తళుక్కుమని మెరిసింది. శిఖరం నుంచి నడుచుకుంటూ దిగుతున్నాం. దారిచూపే ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. టొక్. కొంచెం ఆగి, టొక్. కుళాయి సరిగా కట్టకపోతే బిందెలో చుక్క పడినట్టు, అంతే సమంగా. ఆ చప్పుడు ఏ చెట్టునుంచి వస్తోందో తేల్చడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఒకసారి కుడివైపు అనిపిస్తుంది, ఇంకోసారి వెనక. మెడ పట్టేసింది. చివరికి ఆయన చూపుడువేలు వెంట చూస్తే, పదిహేను మీటర్ల ఎత్తులో ఆకుల మధ్య ఒక పండిన ఆకు. అది కదిలి తల దించింది.

దుర్భిణి సరిచేసుకునేసరికి చేతులు వణికాయి. ఫొటోల్లో చూసిన రంగు వేరు, ఇది వేరు. నారింజ ఈకలు ఒక్కొక్కటీ సన్నగా, వెంట్రుకల్లా విడివిడిగా జారి రెక్కల మీద పడుతున్నాయి. ఎండ వాటిలోంచి దూరి వస్తోంది. టొక్ అన్న ప్రతిసారీ తల కొద్దిగా కిందికి ఊపుతోంది. పక్క కొమ్మ మీద ఆకుపచ్చగా ఇంకొకటి కదిలితే ఆకేమో అనుకున్నాను, ఆడ గువ్వ. అది ఒక చిన్న కాయను మింగి ఎగిరిపోయింది. మగది అక్కడే ఉండి మరో పావుగంట పలికింది. ఫొటో ఒక్కటీ తీయలేదు. దుర్భిణి కళ్లనుంచి దించబుద్ధి కాలేదు.

దిగువన పొదల్లో పట్టుతోక పిట్ట కూడా ఒక్క క్షణం కనిపించింది. నల్లని మఖమలు మీద నీలిరంగు చమ్కీలు చల్లినట్టుండే బుల్లి పిట్ట, నడుము మీద తెల్లని మెరుపు. దీని చుట్టాలెవరో తేల్చలేక శాస్త్రజ్ఞులు చాలాకాలం తికమకపడ్డారు.

ఇంకా కిందికి వచ్చాక అడవి ఒక్కసారిగా ఆగిపోయింది. నిట్టనిలువు వాలు మీద చెట్లు కొట్టేసి, నల్లమట్టిలో వరుసలు వరుసలుగా చేమ. ఇక్కడ దాన్ని డాలో అంటారు. 1993లో సమోవా దీవుల్లో ఆకుమాడు తెగులు వచ్చి చేమ పంట కుప్పకూలింది. న్యూజిలాండ్‌లో ఉన్న దీవుల ప్రజలకు దుంప కావాలి. ఆ సంత టవెయునికి దక్కింది. అప్పటినుంచి ఇక్కడి బడి ఖర్చులు, ఇంటి రేకులు, పడవ ఇంజన్లు అన్నీ డాలో డబ్బే. నేల సారం తగ్గేకొద్దీ రైతు పైకి జరుగుతున్నాడు, అడవి వెనక్కి తగ్గుతోంది. నాకు కోపం వచ్చింది, ఆ కోపాన్ని ఎవరి మీద చూపాలో తెలియలేదు. గువ్వ ఉన్న చెట్టుకూ మొదటి చేమమొక్కకూ మధ్య మేము నడిచింది గంటకన్నా తక్కువ.

ఆ రాత్రి నేనున్న ఇంటి ఆవిడ కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు కూర వండారు. రోరో అంటారు. మా ఇంట్లో చేమాకుతో పులుసు పెడతామని చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. "మీ దగ్గర కూడా డాలో ఉందా?" అన్నారు. కొబ్బరిచెట్ల నీడలో వేస్తామనీ, మా నాన్నగారి తోటలో కూడా ఉందనీ చెప్పాను. ఆకులు బాగుంటాయా అని అడిగారు. వానాకాలంలో గుండ్రని గోధుమరంగు మచ్చలు పడి, రెండు మూడు రోజుల్లో ఆకంతా కుళ్లిపోతుంది, ఏటా వచ్చేదే అన్నాను.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. సమోవాలో వచ్చిన ఆ తెగులు ఫిజీకి ఇంతవరకు రాలేదు. అది నాకూ తెలుసు, పొద్దున్నే ఆ పొలం పక్కనుంచి నడిచి వచ్చాను కూడా. కానీ మా నాన్నగారి తోటలోని మచ్చలూ ఆ తెగులూ ఒకటేనని ఆ క్షణం దాకా కలిపి ఆలోచించలేదు.

"మీరు వచ్చిన బూట్లు అవేనా?" అని గుమ్మం వైపు చూశారు.

"అవే. నాండిలో గీరి, మందునీళ్లతో కడిగారు" అన్నాను.

"మంచిది" అన్నారు. ఇంకొంచెం కూర వడ్డించారు. నేను తినడం అయ్యేదాకా కూర్చుని, పిల్లలను పడుకోమని చెప్పి, లాంతరు తీసుకుని గుమ్మంలోకి వెళ్లారు. నేను లేచి వెళ్లేసరికి ఆమె నా బూట్లను కుళాయి దగ్గర బండమీద బోర్లా పెట్టి, కొబ్బరిపీచుతో అడుగులు రుద్దుతున్నారు. నేను రెండో బూటు తీసుకుని పక్కన కూర్చున్నాను.